నేలలో ఉన్న పోషకం పైరుకు అందేదెలా: మట్టి నమూనా నుంచి బస్తాల లెక్క దాకా

"అన్నా, పైరు పచ్చగా ఉంది, ఏం కొట్టాలి?"

వానాకాలం నాట్లు పడ్డ మూడో వారం నుంచి నాకు రోజుకు నాలుగైదు ఫోన్లు ఇలాగే వస్తాయి. మన భాషలో ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే. సంతోషించాలో కంగారు పడాలో తెలియక ముందు "ఏ పచ్చ?" అని అడుగుతాను. పసుపే అని తేలాక రెండో ప్రశ్న: "మొక్కను పీకి వేరు చూశావా?" నూటికి తొంభై మంది చూసి ఉండరు. ఫోన్ చేసే లోపే యూరియా మాత్రం చల్లేసి ఉంటారు.

ఇక్కడ రాసేదంతా ఆ రెండో ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. చాలా పొలాల్లో పోషకం నేలలోనే ఉంటుంది, వేరుకు అందదు. ఎక్కడ ఆగిందో చూడకుండా బస్తా కొంటే డబ్బు పోతుంది, పైరు అలాగే ఉంటుంది. ఉదాహరణలు ఎక్కువగా వరి నుంచి ఇస్తున్నాను. మాది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద. నాకు చేయి తిరిగింది వరిలోనే. పత్తి, వేరుశనగ అవసరమైన చోట వస్తాయి.

## 1. ముందు ఇది అర్థం కావాలి: వేరు దాకా మూడు దారులు

మొక్కకు తప్పనిసరి పోషకాలు 17. అందులో కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలి నుంచి, నీటి నుంచి వస్తాయి. వాటి గురించి మనం చేసేదేమీ లేదు. మిగతా 14 నేల నుంచే రావాలి.

ఎక్కువగా కావలసినవి నత్రజని, భాస్వరం, పొటాష్. తర్వాతి వరసలో కాల్షియం, మెగ్నీషియం, గంధకం. చిటికెడు చాలు, కానీ లేకపోతే కుదరదు అనేవి ఇనుము, జింక్, మాంగనీస్, రాగి, బోరాన్, మాలిబ్డినం, క్లోరిన్, నికెల్. చివరి మూడింటి కోసం మన పొలాల్లో తల బద్దలు కొట్టుకోవలసిన అవసరం దాదాపు రాదు.

ఇవన్నీ నీటిలో కరిగిన రూపంలో ఉంటేనే వేరు తీసుకుంటుంది. అవి వేరు దగ్గరికి చేరేది మూడు రకాలుగా:

- నీటితో పాటు కొట్టుకు రావడం. ఆకు నీరు ఆవిరి చేస్తుంటే వేరు నీటిని లాగుతుంది, అందులో కరిగింది కూడా వస్తుంది. నత్రజని, కాల్షియం, మెగ్నీషియం, గంధకం ఎక్కువగా ఈ దారిలోనే వస్తాయి. నేలలో పదును లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే.
- ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి మెల్లగా పాకడం. భాస్వరం, పొటాష్ దారి ఇది. భాస్వరం అయితే వేసిన చోటు నుంచి కదిలేది మిల్లీమీటర్లలోనే. అందుకే దాన్ని వేరు పెరిగే చోటే పెట్టాలి. పైన చల్లితే పైనే ఉండిపోతుంది.
- వేరే వెళ్లి తాకడం. వేరు పెరుగుతూ పోయి అందుకునేది కొద్దిగానే. అయినా వేరు ఎంత విస్తరిస్తే పై రెండు దారులూ అంత బాగా పనిచేస్తాయి.

ఇంకో మాట. బంకమట్టి రేణువులకు, కుళ్లిన సేంద్రియ పదార్థానికి రుణావేశం ఉంటుంది. అమ్మోనియం, పొటాషియం, కాల్షియం లాంటివి వాటిని అంటిపెట్టుకుని ఉంటాయి. వేరు హైడ్రోజన్ ఇచ్చి వాటిని మార్పిడి చేసుకుంటుంది. నల్లరేగడి ఈ సరుకును ఎక్కువగా నిలవ పెట్టుకోగలదు, ఇసుక నేల పెట్టుకోలేదు. అదే యూరియా రేగడిలో మూడు సార్లు వేస్తే సరిపోయి, చల్క (ఇసుక పాలు ఎక్కువున్న తేలిక) నేలలో నాలుగైదు సార్లుగా చేసుకోవాల్సి రావడం ఇందుకే.

## 2. మట్టి నమూనా: సగం పొరపాట్లు ఇక్కడే

ప్రయోగశాలలో వాళ్లు పరీక్షించేది మీరిచ్చిన అరకిలో మట్టినే. గట్టు పక్కన ఒక్క పార తీసి ఇస్తే మీకు గట్టు రిపోర్టే వస్తుంది.

కోత అయ్యాక, ఎండాకాలంలో, ఇంకా ఏ ఎరువూ వేయకముందు తీయండి.

1. పొలాన్ని చూసి విడదీయండి. ఎత్తు మడి, పల్లపు మడి, రంగు తేడా ఉన్న ముక్క, చౌడు తేలిన మూల, ఇవన్నీ వేర్వేరు నమూనాలు.
2. ఒక్కో ముక్కలో అటూ ఇటూ వంకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్లు ఎంచుకోండి.
3. పైన ఉన్న చెత్త, కొయ్యకాళ్లు పక్కకు నెట్టండి. మట్టిని చెక్కొద్దు.
4. 15 సెంటీమీటర్ల లోతున, అంటే సుమారు జానెడు కన్నా కొంచెం తక్కువ, 'వి' ఆకారంలో గుంట తీయండి. గుంట గోడ నుంచి పై నుంచి కింది దాకా అంగుళం మందాన మట్టి పొర తీయండి.
5. అన్నీ శుభ్రమైన గుడ్డ మీద పోసి కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. అరకిలో మిగిలేదాకా ఇదే పని.
6. నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు, పొయ్యి దగ్గర అసలే వద్దు.
7. గుడ్డ సంచిలో పోసి, పేరు, సర్వే నంబరు, పోయిన పంట, వేయబోయే పంట రాసిన చీటీ లోపల ఒకటి, బయట ఒకటి పెట్టండి.

ఇవి చేయకండి:
- గట్టు, కాలువ, చెట్టు నీడ, పెంటకుప్ప పోసిన చోటు నుంచి తీయడం
- ఖాళీ ఎరువుల సంచిలో మట్టి పోయడం
- జింక్, ఇనుము పరీక్ష కోసం తుప్పు పట్టిన పారతో తీయడం. పారతో తవ్వినా, మట్టి పొరను మాత్రం వెదురు బద్దతో గీకండి.

పండ్ల తోట అయితే జానెడు లోతు సరిపోదు. అడుగుకొకటి చొప్పున మూడడుగుల దాకా విడివిడిగా తీయాలి.

ఇప్పటికే మీ దగ్గర సాయిల్ హెల్త్ కార్డు ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ పథకంలో నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా చొప్పున గళ్లు గీసి తీశారు. కార్డు మీద పేరు మీదే అయినా మట్టి పక్క రైతుది కావచ్చు. దాన్ని ఊరి లెక్కగా చూడండి, మీ మడి లెక్కగా కాదు.

## 3. రిపోర్టు చదవడం: పై నుంచి కిందికి, ఈ వరసలో

అందరి కళ్లూ ముందు నత్రజని అంకె మీదికి పోతాయి. నేను చివర చూసేది అదే.

మొదట పీహెచ్, అంటే నేల పులుపా, క్షారమా అని చెప్పే అంకె. 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే దారులన్నీ తెరిచి ఉన్నట్టే. 8 దాటుతున్న కొద్దీ భాస్వరం కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. ఇనుము, జింక్, మాంగనీస్ నేలలో ఉన్నా కరగవు. 5.5 కన్నా తగ్గితే భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. పీహెచ్ 8.5 దాటి, సోడియం చౌడు అని తేలితే బస్తాల లెక్క పక్కన పెట్టి ముందు జిప్సం, మురుగు కాలువ సంగతి చూడాలి. జిప్సం ఎంతన్నది ప్రయోగశాలే చెప్పాలి, అందాజాగా వేసేది కాదు.

తర్వాత ఈసీ, అంటే ఉప్పు. 1 లోపు ఉంటే దిగులు లేదు. పైకి పోతుంటే మంచి నీళ్లతో ఉప్పును కిందికి దించాలి.

మూడోది సేంద్రియ కర్బనం. 0.5 శాతం కన్నా తక్కువ అంటే నేల పేదది, 0.75 పైన ఉంటే మంచిది. ఇది తక్కువగా ఉన్న చోట ఎంత యూరియా వేసినా నిలవదు, నిలవ పెట్టుకునే డబ్బానే చిన్నది.

నాలుగోది సూక్ష్మపోషకాలు. ఈ హద్దులు కాగితం మీద రాసి పెట్టుకోండి. పీపీఎంలో (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) జింక్ 0.6, ఇనుము 4.5, మాంగనీస్ 2, రాగి 0.2, బోరాన్ 0.5, గంధకం 10. మీ అంకె వీటికన్నా తక్కువైతే లోపం ఉన్నట్టు. అయితే జింక్ 0.7 వచ్చి పీహెచ్ 8.3 ఉంటే నేను దాన్ని లోపం కిందే లెక్కేస్తాను.

చివర నత్రజని, భాస్వరం, పొటాష్. నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపు ఉంటే తక్కువ, 560 దాకా మధ్యస్థం. మన దగ్గర దాదాపు అందరికీ 'తక్కువ' అనే వస్తుంది, కంగారు పడొద్దు. భాస్వరం, పొటాష్ దగ్గర కార్డు మీదున్న 'తక్కువ, మధ్యస్థం, ఎక్కువ' అనే మాటే చూడండి. కొన్ని చోట్ల మూలకంగా, కొన్ని చోట్ల ఆక్సైడ్ రూపంలో రాస్తారు కాబట్టి రెండు కార్డుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

పోయినేడు ఒకతను కార్డు పట్టుకొచ్చాడు. "నేలలో హెక్టారుకు 250 కిలోల నత్రజని ఉందట, వరికి ఎకరాకు 48 చాలంటున్నారు, మరి యూరియా ఎందుకు?" అన్నాడు. తెలివైన ప్రశ్నే. ఆ 250 రేపు పొద్దున పైరు తాగేయగలిగే సరుకు కాదు. పరీక్షలో మందుకు లొంగి బయటపడ్డ మొత్తం అది. నేల బలాన్ని ఊహించుకునే సూచిక మాత్రమే. సిఫారసు నుంచి దాన్ని తీసేయడానికి లేదు.

## 4. బస్తాల లెక్క

పెన్నూ కాగితం తీసుకోండి. ఎకరా వరికి 48-24-16 అనుకుందాం, అంటే నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు. మీ జోనుకు, సీజనుకు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పిన అంకెలు వేరుగా ఉంటే అవే పెట్టుకోండి, పద్ధతి మారదు.

మొదటి మెట్టు: సర్దుబాటు. రిపోర్టులో ఏది 'తక్కువ' ఉందో దాన్ని 25 నుంచి 30 శాతం పెంచండి. 'ఎక్కువ' ఉన్నదాన్ని అంతే తగ్గించండి. 'మధ్యస్థం' అయితే అలాగే. ఈ ఉదాహరణలో అన్నీ మధ్యస్థం అనుకుంటున్నాను.

రెండో మెట్టు: భాస్వరం నుంచి మొదలుపెట్టండి. డీఏపీలో (డై అమ్మోనియం ఫాస్ఫేట్) నత్రజని 18, భాస్వరం 46 శాతం. 24ను 0.46తో భాగిస్తే 52 కిలోలు, అంటే ఒక బస్తా. ఆ 50 కిలోల బస్తాతో పాటు 9 కిలోల నత్రజని కూడా వచ్చేసింది. చాలామంది మరిచిపోయేది ఈ తొమ్మిదినే.

మూడో మెట్టు: మిగతా నత్రజని. 48 లోంచి 9 పోతే 39. యూరియాలో 46 శాతం. 39ని 0.46తో భాగిస్తే 85 కిలోలు. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలే కాబట్టి రెండు బస్తాలకు ఐదు కిలోలు తక్కువ. మా వైపు ఎకరాకు మూడు బస్తాలు చల్లేవాళ్లు మామూలే. ఆ మూడో బస్తాతో పైరు ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతుంది, వెనకే దోమ వస్తుంది.

నాలుగో మెట్టు: పొటాష్. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతం. 16ను 0.60తో భాగిస్తే సుమారు 27 కిలోలు.

డీఏపీ దొరకని సీజన్లలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడుకోవచ్చు. అందులో భాస్వరం 16 శాతం. 24 కిలోలకు మూడు బస్తాలు కావాలి, మోత ఎక్కువ. కానీ వాటితో పాటు 16 కిలోల గంధకం, బోలెడు కాల్షియం వస్తాయి. నత్రజని మాత్రం ఉండదు, కాబట్టి యూరియా 104 కిలోలకు పెరుగుతుంది. గంధకం తక్కువగా ఉన్న పొలానికీ, వేరుశనగకూ నేనైతే డీఏపీ కోసం లైన్లో నిలబడను.

పశువుల ఎరువు వేస్తే దాని వంతు తీసేయండి. బాగా చివికిన ఎరువు టన్నుకు సుమారు 5 కిలోల నత్రజని ఉంటుంది, కానీ మొదటి పంటకు అందేది అందులో కొంతే. ఎకరాకు నాలుగు టన్నులు వేసి 'ఇరవై కిలోలు వచ్చేసింది' అని యూరియా మానేస్తే మోసపోతారు. దాని అసలు లాభం పైన చెప్పిన డబ్బాను పెద్దది చేయడంలో ఉంది.

గడ్డి అమ్మేవాళ్లకు ఒక మాట. టన్ను వడ్లు పండడానికి పైరు సుమారు 15 కిలోల నత్రజని, అంతే పొటాషియం తీసుకుంటుంది. ఆ పొటాషియంలో ఎక్కువ భాగం గింజలో కాదు, గడ్డిలో ఉంటుంది. ట్రాక్టర్ మీద గడ్డి వెళ్తోందంటే పొటాష్ బస్తా వెళ్తున్నట్టే. ఏటా గడ్డి తీసే పొలంలో పొటాష్ కోత పెట్టకండి.

## 5. ఎప్పుడు, ఎక్కడ

### వరి

- జింక్ సల్ఫేట్ ఎకరాకు 20 కిలోలు: లోపం ఉన్న పొలంలో ఆఖరి దమ్ముకు ముందు. భాస్వరం ఎరువుకూ దీనికీ కనీసం మూడు రోజుల ఎడం. రెండూ కలిస్తే కరగని జింక్ ఫాస్ఫేట్ అవుతుంది. రెండు మూడు పంటలకు ఒకసారి చాలు, ప్రతి కారుకూ అక్కర్లేదు.
- భాస్వరం మొత్తం: ఆఖరి దమ్ములో. నాటిన నెలకు డీఏపీ చల్లడం అలవాటుగా మారింది. అప్పుడు చల్లితే అందులోని నత్రజని పనిచేస్తుంది, పైరు కళకళలాడుతుంది, 'డీఏపీ పనిచేసింది' అనుకుంటాం. ఆ పని యూరియాతో అయ్యేది, చాలా తక్కువ ఖర్చులో.
- యూరియా మూడు భాగాలు: దమ్ములో లేదా నాటిన వెంటనే, దుబ్బు చేసే (పిలకలు వేసే) దశలో, అంకురం (కాడ లోపల వెన్ను) ఏర్పడే దశలో.
- పొటాష్: బరువు నేలల్లో అంతా దమ్ములోనే. తేలిక నేలల్లో సగం దమ్ములో, సగం అంకురం దశలో.

పైపాటుగా యూరియా చల్లే రోజు ఏం చేయాలో విడిగా చెప్పాలి. ముందు రోజు నీళ్లు తీసేయండి. మడిలో అడుగు వేస్తే బురద అంటాలి, నీళ్లు చిమ్మకూడదు. ఆ బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలు ఆగి పలచగా నీరు పెట్టండి. నిండు నీళ్లలో చల్లితే కొంత గాలిలోకి అమ్మోనియాగా పోతుంది, కొంత మడవ దాటి కింది రైతుకు పోతుంది. కింది మడి ఎప్పుడూ మీ మడి కన్నా పచ్చగా ఉంటే కారణం అదే కావచ్చు. ఇది ఆకుపచ్చ.

ఇంకో తప్పు, మడిని ఒకసారి నెర్రెలిచ్చేలా ఎండగట్టి, మళ్లీ ముంచడం. ఆరినప్పుడు నేలలోని అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారుతుంది. ముంచగానే ఆ నైట్రేట్ వాయువుగా మారి ఎగిరిపోతుంది. యూరియా వేసిన వారంలో ఈ పని చేయకండి.

### పత్తి

భాస్వరం మొత్తం దుక్కిలో. యూరియా, పొటాష్ 20, 40, 60, 80 రోజులకు నాలుగు సమ భాగాలుగా. మొక్క మొదట్లో పోయకుండా 7 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో చిన్న గుంట చేసి వేసి మట్టి కప్పాలి. నేలలో పదును లేకపోతే వాన కోసం ఆగండి. పొడి నేల మీద యూరియా వేసి మబ్బు వైపు చూస్తూ కూర్చుంటే సగం గాలికే పోతుంది.

### వేరుశనగ

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి, ఆకు నుంచి దాదాపు రాదు. ఊడ (పూత నుంచి కిందికి దిగే కాడ) నేలలోకి దిగాక కాయే తన చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. అందుకే ఎకరాకు 200 కిలోల జిప్సం పూత, ఊడలు దిగే దశలో, అంటే సుమారు 45 రోజులకు, మొక్క మొదళ్ల దగ్గరే చాళ్లలో వేసి మట్టి ఎగదోయాలి. దుక్కిలో ఎప్పుడో వేసి మరిచిపోయినా, కాల్షియం ద్రావణం ఆకు మీద కొట్టినా తాలు కాయలు తగ్గవు.

## 6. పైరు రంగు మారితే: యూరియా కన్నా ముందు వేరు

ఒక యాసంగిలో మా బాబాయి పొలం ముప్ఫై రోజులకు పసుపు తిరిగి, ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. పిలకలు లేవు. నేనే "జింక్ లోపం బాబాయ్" అని జింక్ కొట్టించాను. వారం తర్వాత ఇంకో అరబస్తా యూరియా. మార్పు లేదు. చివరికి విసిగిపోయి ఒక దుబ్బు పట్టి లాగితే సులువుగా ఊడి వచ్చింది. వేళ్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. "ఇదేం వాసనరా, ఇల్లు దాటినట్టు లేదు నీ సదువు!" అన్నాడు బాబాయి.

అది సల్ఫైడ్ దెబ్బ. కోసిన కొయ్యలు పచ్చిగా దున్ని, వెంటనే నీరు పెట్టి, నాటేసిన పొలాల్లో గాలి ఆడక వస్తుంది. వేరు ఊపిరాడక చస్తుంటే జింక్ సల్ఫేట్‌లోని జింక్ అందదు. నీళ్లు పూర్తిగా తీసేసి, సన్నని నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టి మళ్లీ తడిపాం. పది రోజుల్లో తెల్ల వేళ్లు వచ్చాయి. ఖర్చు సున్నా.

కాబట్టి వరస ఇది:

1. దుబ్బు పీకండి. వేళ్లు తెల్లగా లేదా తుప్పు రంగులో ఉంటే మంచిదే. నల్లగా ఉండి వాసన వస్తే నీళ్లు తీయండి. గంధకం ఉన్న ఎరువులు అప్పుడు ముట్టుకోవద్దు.
2. ఏ ఆకు మారిందో చూడండి. కింది ముదురాకులు ముందు మారితే నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియంలలో ఒకటి. మొక్క వీటిని ముదురాకు నుంచి లేతాకుకు తరలించుకోగలదు. లేతాకు ముందు మారితే ఇనుము, గంధకం, కాల్షియం, బోరాన్, మాంగనీస్, రాగి.
3. ఆకులో ఎక్కడ మారింది? ఆకంతా ఒకే తీరుగా పాలిపోతే నత్రజని (ముదురాకు) లేదా గంధకం (లేతాకు). ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పాలిపోతే లేతాకులో ఇనుము, ముదురాకులో మెగ్నీషియం. అంచులు మాడితే పొటాష్.
4. పొలంలో ఎక్కడెక్కడ ఉంది? పోషక లోపం ఒక పరుపుగా కనిపిస్తుంది. అక్కడక్కడ ఒక్కో మొక్క మారితే పురుగో, వైరసో.

మోసం చేసే గుర్తులు ఇవి:

- పత్తి ఎర్రబడటం. మెగ్నీషియం లోపమైతే కింది ఆకుల్లో ఈనెల మధ్య ఎర్రబడి, ఈనెలు ఆకుపచ్చగానే ఉంటాయి. పచ్చదోమ అయితే ఆకు అంచులు కిందికి ముడుచుకుని అంచు నుంచి ఎర్రబడుతుంది. ఆకు తిప్పి చూడండి, దోమ అడ్డంగా పరిగెడుతూ కనిపిస్తుంది.
- మొక్కజొన్న తెల్ల మొగ్గ. లేతాకు మొదట్లో తెల్లటి పట్టీలు వస్తే జింక్ లోపం.
- వరిలో జింక్. నాటిన రెండు నుంచి నాలుగు వారాలకు మధ్య ఈనె మొదట్లో పాలిపోయి, ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు. ఆకు విరిస్తే పెళుసుగా విరుగుతుంది. వేరు మాత్రం బాగానే ఉంటుంది. బాబాయి పొలంలో నేను చూడకుండా వదిలేసింది ఈ చివరి గుర్తునే.

## 7. స్ప్రే: దేనికి, ఎంత

సూక్ష్మపోషకాలకు స్ప్రే మంచి మందు. పెద్ద పోషకాలకు కాదు. లెక్క చూడండి: 2 శాతం యూరియా ద్రావణం ఎకరాకు 200 లీటర్లు కొడితే అందులో ఉండేది 4 కిలోల యూరియా, రెండు కిలోలు కూడా లేని నత్రజని. కావలసింది 48. బెట్టలోనో, ముంపు తర్వాతో వేరు పనిచేయనప్పుడు ఊపిరి పోయడానికి పనికొస్తుంది, అంతవరకే.

లీటరు నీటికి:

- వరి, మొక్కజొన్న జింక్ లోపం: జింక్ సల్ఫేట్ 2 గ్రాములు, ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు
- వేరుశనగ ఇనుము లోపం: అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, సిట్రిక్ ఆమ్లం 1 గ్రాము, వారం ఎడంతో రెండు సార్లు. ద్రావణం తుప్పు రంగుకు తిరిగిందంటే పాడైనట్టే, కొట్టొద్దు.
- పత్తి మెగ్నీషియం: మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు, 45, 75 రోజులకు
- పత్తి బోరాన్: బోరాక్స్ 1.5 గ్రాములు, 60, 90 రోజులకు. చేయి జారి రెట్టింపు వేయకండి, బోరాన్ మోతాదు దాటితే ఆకు మాడుతుంది.

పొద్దున లేదా సాయంత్రం కొట్టండి. పురుగు మందులో జింక్, అన్నభేది కలపకండి. కూలి ఒక్కటే అయిపోతుందని అందరూ కలిపేస్తారు, ట్యాంకులో పెరుగులా విరిగాక నాజిల్ పీకి కడుక్కుంటారు.

అనుమానంగా ఉంటే ఎకరా అంతా కొట్టకండి. నాలుగు సాళ్లకు కొట్టి కర్ర పాతండి. వారానికి కొత్తాకు రంగు తిరిగితే మీ ఊహ నిజం.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటికి మరమ్మతు

కొయ్యలు దున్నాక నాటిన పైరు పాలిపోయింది. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు అవే వాడుకుంటాయి. ఇంకోసారి నాట్లకు కనీసం రెండు మూడు వారాల ముందు దున్ని, ఎకరాకు ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి తడి ఉంచండి. ఇప్పటికే నాటేసి ఉంటే, వేరు బాగుందని చూసుకుని, రెండో దఫా యూరియాలో కొంత ముందుకు జరపండి. మొత్తం పెంచకండి.

జింక్, డీఏపీ ఒకే రోజు పడ్డాయి. నేలలో మళ్లీ వేయకండి. లోపం కనిపిస్తే స్ప్రేతో గట్టెక్కండి.

ఏళ్లుగా ప్రతి పంటకూ డీఏపీ పడింది, రిపోర్టులో భాస్వరం 'ఎక్కువ'. ధైర్యంగా తగ్గించండి. భాస్వరం కరిగించే బ్యాక్టీరియాను చివికిన పశువుల ఎరువులో కలిపి దుక్కిలో చల్లండి. బ్యాక్టీరియా పాకెట్టు మీద తయారీ తేదీ చూడండి, ఎండలో పెట్టి అమ్మే చోట కొనకండి.

పొగాకుకు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేశారు. అందులోని క్లోరైడ్ ఆకు కాలే గుణాన్ని చెడగొడుతుంది. పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మాత్రమే.

యూరియా, పొటాష్ కలిపి రాత్రంతా ఉంచితే నీరు కారింది. కలిపిన గంటల్లో చల్లేయాలి. ముద్దగా చల్లితే ఒకచోట మాడుతుంది, ఒకచోట ఆకలి.

## 9. ఒక గుంట వదిలి చూడండి

సిఫారసులు ఎన్ని చదివినా మీ పొలం మాటే చివరి మాట. వచ్చే సీజన్‌లో ఎకరాలో ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు, చిన్న గట్టు వేసి విడదీయండి. మీకు ఏ ఎరువు మీద అనుమానం ఉందో అది ఒక్కటే అందులో ఆపండి, మిగతావన్నీ మామూలే. భాస్వరం మీద అనుమానమైతే ఆ గుంటలో డీఏపీ బదులు దాని నత్రజనికి సరిపడా యూరియా వేయండి.

నోట్‌బుక్‌లో రాయాల్సినవి:

- ఏ తేదీన ఏది ఎంత వేశారు
- ముప్ఫై రోజులకు పది దుబ్బుల్లో పిలకల లెక్క, గుంటలో, బయట
- వేరు రంగు
- పక్కనే అంతే కొలతలో ఇంకో గుంట, రెండింటి గింజ బరువు

కోతకు మిషన్ వచ్చే ముందు రోజే ఆ రెండు గుంటలూ కొడవలితో కోసి పక్కన పెట్టేయండి. మిషన్ డ్రైవర్‌కు మీ గట్టు కనిపించదు.